స్థానం విడిచిన ఆటగాడు

ఎర్రగుంట్లలో డిగ్రీ చదువుకుంటున్న ఒక విద్యార్థి మొన్న సెలవులలో నా వద్దకు వచ్చి ఒక ప్రశ్న వేశాడు. అతని అన్న అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడివారు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆటను ఫోనులో చూపిస్తూ, క్వార్టర్‌బాక్ అనే ఆటగాణ్ణి గూర్చి వ్యాఖ్యాతలు పదే పదే ఒక మాట అంటుంటారని చెప్పాడట. "ఇతడు పరుగెత్తే క్వార్టర్‌బాక్" అన్నది ఆ మాట. అందులో మెప్పు వుందో నింద వుందో ఆ కుర్రవానికి బోధపడలేదు. "సార్, ఆటలో పరుగెత్తడం గూడా తప్పేనా?" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే గాని జవాబు చిన్నది కాదు. దానికి జవాబు వెదకబోతే ఆటస్థలం దాటి సమాజంలోకి, ఆ సమాజపు చరిత్రలోకి పోవలసి వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

మా కడప జిల్లా తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి తెలిసే వుంటుంది. మైకులో ఎద్దుల యజమాని పేరు, ఆయన వూరి పేరు వినబడతాయి. గెలిచినప్పుడు బహుమతి ఆయన పేరుకే దక్కుతుంది. ఎద్దుల పక్కన ధూళిలో పరుగెత్తేవాడు, ఏ ఎద్దు ఎప్పుడు అలసిందో, ఎక్కడ అదిలించాలో, ఎక్కడ ఆపాలో క్షణంలో నిర్ణయించేవాడు వేరే వున్నాడు. ఆలోచన అతనిది. కాని ఆ ఆలోచన అతని ఖాతాలో జమకాదు. అతడు చేసినది చాకిరీ అనిపించుకుంటుంది. తెలివి యజమానిది అవుతుంది. తలపని ఒకరిది, కాలిపని మరొకరిది అన్న ఈ విభజన మన పొలాలలోను, గనులలోను, ఫ్యాక్టరీలలోను వున్నదే. అది ఆటస్థలంలోకి ఎట్లా ప్రవేశించింది, అక్కడ దానిని ఎవరు ఎదిరించారు, ఎంతవరకు గెలిచారు అన్నదే మన విచారణ.

1

ముందుగా ఆ క్వార్టర్‌బాక్ ఎవరో చెప్పుకుందాం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు పదకొండుగురు. బంతి కోలగా వుంటుంది. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చు, విసరవచ్చు. పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. ప్రతిసారీ బంతి మొదట క్వార్టర్‌బాక్ చేతికి వస్తుంది. అతని ముందు భారీ మనుషులు ఐదుగురు గోడకట్టి నిలబడతారు. ఆ గోడ వెనుక వున్న కొద్దిపాటి చోటులో నిలబడి, మైదానమంతా కలయజూచి, దూరంగా పరుగెత్తుతున్న సహచరునికి బంతి విసరడం అతని ధర్మం. సంప్రదాయం ప్రకారం అతడు ఆ గోడ దాటి రాకూడదు. అతడు తల, తక్కినవారు కాళ్ళూ చేతులూ.

అయితే గోడ కూలిపోయినప్పుడు ఏమవుతుంది? కొందరు అక్కడే పడిపోతారు. మరికొందరు బంతి చంకనబెట్టుకొని పక్కకు దూకి, తామే పరుగు లంకించుకుంటారు. పరుగెత్తుతూనే విసురుతారు. వీరికే కదిలే క్వార్టర్‌బాక్‌లని పేరు.

ఇందులో లెక్క గూడా వుంది. కదలని క్వార్టర్‌బాక్ బంతిని పరుగువానికి అందించిన మరుక్షణం ప్రేక్షకుడవుతాడు. అప్పుడు ఎదుటిజట్టు పదకొండుగురికి ఇవతల ఆడేవారు పదిమందే. అతడు కూడా పరుగెత్తగలవాడయితే, అతని మీద ఒక మనిషిని కాపలా పెట్టక తప్పదు, లెక్క సమానమవుతుంది. కాబట్టి కదలడం ఆలోచన లేని పని కాదు. ఎదుటివాణ్ణి ఇరకాటంలో పెట్టే ఆలోచనే అది. అయినా దశాబ్దాల తరబడి దానిని క్రమశిక్షణ లేనితనంగానే పరిగణించారు.

ఇంకొక సంగతి. "ఆలోచించే క్వార్టర్‌బాక్" అని గొప్పగా చెప్పుకునే ఆ తలకాయ గూడా క్రమంగా యాజమాన్యం చేతిలోకి పోయింది. ఏ ఎత్తు వేయాలో ఒకప్పుడు ఆటగాడే మైదానంలో నిర్ణయించేవాడు. క్లీవ్‌లాండ్ జట్టు శిక్షకుడు పాల్ బ్రౌన్, ఒక్కొక్క ఎత్తుకు ఒక్కొక్క ఆటగాణ్ణి దూతగా పంపి తన నిర్ణయాన్ని లోపలికి చేరవేసే పద్ధతి పెట్టాడు. 1994 నుంచి క్వార్టర్‌బాక్ శిరస్త్రాణంలోనే రేడియో పెట్టడానికి లీగు అనుమతించింది. ఫ్యాక్టరీలో మేస్త్రీ కొలతలు గీసి ఇచ్చినట్టు, శిక్షకుడు గీసిన పథకాన్ని ఆటగాడు అమలుజరుపుతాడు. పథకం చెడినప్పుడు మాత్రమే, అనగా గోడ కూలినప్పుడు మాత్రమే, ఆటగాని సొంత బుద్ధికి తావు దొరుకుతుంది. కదిలే క్వార్టర్‌బాక్ పట్ల యాజమాన్యాలకు వున్న అనుమానంలో ఇది గూడా ఒక భాగమని నా అభిప్రాయం.

2

కాని అసలు విషయం రంగులో వున్నది.

1934 నుంచి 1945 దాకా ఆ లీగులో ఒక్క నల్లజాతి ఆటగాడు గూడా లేడు. ఎక్కడా వ్రాసిపెట్టిన నిబంధన కాదది. యజమానుల మధ్య నోటిమాట. 1946లో లాస్ ఏంజలస్ జట్టు కెనీ వాషింగ్టన్‌ను చేర్చుకున్నది. అది యజమానుల ఔదార్యం వల్ల జరగలేదు. ఆ జట్టు ఆడబోయే స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టినది. నల్లజాతీయులను బహిష్కరించే జట్టుకు దానిని ఎట్లా ఇస్తారని నల్లజాతి పత్రికారచయితలు నిలదీశారు. ఆ ఒత్తిడికి తలుపు తెరుచుకున్నది.

తలుపు తెరుచుకున్నది గాని లోపల గదులు వేరువేరుగానే వున్నాయి. నల్లవారిని పరుగెత్తే స్థానాలలోకి, బంతి అందుకునే స్థానాలలోకి, వెనుక కాపలా స్థానాలలోకి తీసుకున్నారు. మధ్యస్థానాలు, అందులోను క్వార్టర్‌బాక్ స్థానం, తెల్లవారికే మిగిలిపోయాయి. 1970లో లాయ్, మెక్ఎల్వోగ్ అనే ఇద్దరు సమాజశాస్త్రజ్ఞులు జట్ల వివరాలు లెక్కించి ఈ విషయాన్ని రుజువుచేశారు. జట్టు నడకను నిర్ణయించే కేంద్రస్థానాలకు ఎంత దగ్గరగా పోతే నల్లవారి సంఖ్య అంత తగ్గుతున్నదని వారు తేల్చారు.

వ్యక్తుల చరిత్రలు చూస్తే ఈ లెక్కకు ప్రాణం వస్తుంది. 1953లో షికాగో జట్టు తరఫున విల్లీ త్రోవర్ క్వార్టర్‌బాక్‌గా దిగాడు. ఆధునిక కాలంలో ఆ లీగులో ఆ స్థానంలో ఆడిన మొదటి నల్లజాతీయుడాయన. ఒక ఆటలో ఎనిమిది సార్లు బంతి విసిరాడు. ఆ ఏడాదితోనే ఆ లీగులో ఆయన జీవితం ముగిసింది. 1968లో డెన్వర్‌లో మార్లిన్ బ్రిస్కో ఐదు ఆటలు ఆరంభించి, కదులుతూ విసురుతూ పద్నాలుగు టచ్‌డౌన్ పాసులు ఇచ్చాడు. కొత్త ఆటగానికి ఆ జట్టులో అది అప్పటికి రికార్డు. మరుసటి ఏడాది ఆ స్థానం ఆయనకు దక్కలేదు. బఫెలో జట్టుకు పోయి బంతి అందుకునేవాడుగా మారవలసి వచ్చింది. అక్కడా రాణించాడు. ఆ రాణింపునే చూపి, "చూశారా, ఇదే ఇతనికి తగిన చోటు" అనడం ఎంత సులభమో పాఠకులు ఊహించవచ్చు.

వారెన్ మూన్ కథ మరింత స్పష్టమైనది. ఆయన ప్రధానంగా బంతి విసరడంలో నేర్పరి. సంప్రదాయం కోరే గుణాలన్నీ వున్నవాడు. అయినా 1978లో ఆయనను అమెరికన్ జట్లు ఏవీ ఎంపికచేసుకోలేదు. స్థానం మార్చుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. సరిహద్దు దాటి కెనడాకు పోయి, ఎడ్మంటన్ జట్టుతో వరుసగా ఐదు సార్లు అక్కడి కప్పు గెలిచాడు. 1984లో గాని స్వదేశపు లీగులో ఆయనకు చోటు దొరకలేదు.

దీనికి పక్కనే ఇంకొక ఉదాహరణ పెట్టి చూడాలి. 1961లో మిన్నెసోటా జట్టులో చేరిన ఫ్రాన్ టార్కెంటన్ తెల్లవాడు. గోడ వదలి మైదానమంతా పరుగులు తీసేవాడు. ఆ పద్ధతి శిక్షకునికి నచ్చలేదు. ఇద్దరికీ పడలేదు. కాని టార్కెంటన్ పరుగెత్తాడు గనుక అతడు క్వార్టర్‌బాక్‌గా పనికిరాడని ఆ స్థానం నుంచి తప్పించలేదు. ఆ స్థానంలోనే పద్దెనిమిదేళ్ళు ఆడాడు. విసరగల నల్లవానికి నీవు పరుగువాడవని చెప్పారు; పరుగెత్తే తెల్లవానికి నీవు కాస్త నిలకడ నేర్చుకోవాలని చెప్పారు. కనుక పేచీ పరుగు దగ్గర లేదు. బుద్ధి ఎవరికి వుందని ముందే నిర్ణయించుకున్నారో అక్కడ వున్నది.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పుకోవచ్చు. 1988 జనవరిలో డగ్ విలియమ్స్ వాషింగ్టన్ జట్టును 42-10తో విజేతను చేశాడు. లీగు తుదిపోరులో గెలిచిన మొదటి నల్ల క్వార్టర్‌బాక్ ఆయనే. అయినా పాత మాట పోలేదు. విశ్వవిద్యాలయ ఆటగాళ్ళకు ఇచ్చే అత్యున్నత బహుమతి గెలిచిన లమార్ జాక్సన్‌ను 2018లో గూడా, బంతి అందుకునే స్థానానికి మారడం మేలని పేరుమోసిన నిపుణులు బహిరంగంగా సలహా ఇచ్చారు. అతడు మారలేదు. ముప్పదిరెండవవానిగా ఎంపికయ్యాడు. 2019లో 1,206 గజాలు పరుగెత్తి క్వార్టర్‌బాక్‌లలో రికార్డు నెలకొల్పాడు. అదే ఏడాది 36 టచ్‌డౌన్ పాసులతో విసరడంలోను లీగులో అందరికంటె ముందు నిలిచాడు. ఉత్తమ క్రీడాకారుడుగా ఓట్లన్నీ అతనికే పడ్డాయి. 2023లో ఆ గౌరవం మళ్ళీ దక్కింది.

కాని గెలుపుతో కథ ముగియదు. 2013 జనవరిలో ఒక పోటీలో 181 గజాలు పరుగెత్తి అందరి మెప్పు పొందిన కోలిన్ కేపర్నిక్, 2016లో నల్లజాతీయులపై పోలీసుల దౌర్జన్యానికి నిరసనగా జాతీయగీతం వేళ మోకాలిపై కూర్చున్నాడు. 2017 నుంచి ఏ జట్టూ అతనిని తీసుకోలేదు. యజమానులు కుమ్మక్కయ్యారని అతడు పెట్టిన ఫిర్యాదు 2019లో రాజీతో ముగిసింది. అతని కాలు మైదానంలో ఎంత కదిలినా వారికి అభ్యంతరం లేకపోయింది. ఆ కాలు తనంతట తాను వంగడాన్ని మాత్రం సహించలేకపోయారు.

3

ఇదంతా దూరదేశపు గొడవ, మనకెందుకని ఎవరైనా అనవచ్చు. మన ఫుట్‌బాల్, అనగా కాలితో ఆడే ఫుట్‌బాల్, ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నది. దానికి మన దేశంలో దొరికిన అత్యుత్తమమైన జవాబు హైదరాబాదులో ఒక బడిపంతులు ఇచ్చినది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. పాఠశాలలలో పాఠాలు చెప్పాడు. 1943 నుంచి 1963లో చనిపోయేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా వున్నాడు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు.

ఇక్కడ పరిస్థితి అమెరికాతో అన్నివిధాలా సమానం కాదని ముందే చెప్పుకోవాలి. మన జట్టులో తెల్లవాడు తల, నల్లవాడు కాలు అనే విభజన లేదు. కాని మొత్తం జట్టునే కాలుగా చూసే పాలకుడు ఒకడు వుండేవాడు. నేటివులు చురుకైనవాళ్ళు, ఒంటికాళ్ళతో గారడీ చేస్తారు, కాని పద్ధతి తెలియదు అన్నది తెల్లదొరల తీర్పు. 1911లో మోహన్ బగాన్ ఆటగాళ్ళు, అత్యధికులు వట్టికాళ్ళతోనే ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించినా ఆ తీర్పు మారలేదు. విషాదమేమంటే మనవారు గూడా దానిని సగం నమ్మారు. ఒంటరిగా బంతిని నడిపించుకుపోయి నలుగురిని తప్పించేవాణ్ణే జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆట అమరిక మాత్రం దొరలు వదలిపోయినదే: వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు. ఎవరి గీత వారిది. వెనుకవాడు బంతిని దూరంగా తన్నడంతో అతని బాధ్యత తీరిపోయేది.

రహీం ముందుగా ఈ గారడీని పట్టుకున్నాడు. ఒంటరిగా బంతి నడపకూడదనే నిబంధనతో పోటీలు పెట్టాడు. బలహీనమైన కాలుతోనే ఆడాలని పోటీలు పెట్టాడు. వినడానికి ఇవి పిల్లల ఆటల్లా వుంటాయి. వాటి ఉద్దేశం ఆలోచిస్తే పెద్దది. బంతిని తన వద్ద వుంచుకోవడానికి వీలులేనప్పుడు, అది వచ్చేలోపే ఎవరికి ఇవ్వాలో ఆటగాడు నిర్ణయించుకోవాలి. అనగా పదకొండుగురూ ప్రతి క్షణం ఆలోచించాలి. రెండు కాళ్ళూ పనిచేసేవాడు కుడిపక్కకే, ఎడమపక్కకే కట్టుబడి వుండనక్కరలేదు. స్థానం అనే గోడను రహీం మొదట కూల్చినది అభ్యాసంలో. ఆ తర్వాతనే అమరికలో.

ఇక్కడ మన పాఠకులు ఒక ఇబ్బందికరమైన విషయాన్ని ఎదుర్కోక తప్పదు. ఈ జట్టు పోలీసు జట్టు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన కూలింది. అటు తర్వాత తెలంగాణా పల్లెలలో సైన్యం, పోలీసులు రైతుల సాయుధ పోరాటాన్ని అణచివేస్తున్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమింపబడింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యురాండ్ కప్పు గూడా గెలిచింది. ఒక చేతి లాఠీని మరచి మరో చేతి కప్పును మెచ్చుకోవడం ఎట్లా?

మరచిపోనవసరం లేదు. రెండింటినీ కలిపి చూడాలి. ఆ రోజులలో ఆట మీద బతికే మార్గం మనదేశంలో లేదు. బస్తీలలోని పేదింటి కుర్రవానికి ఆట చేతిలో వున్నా అన్నం దొరకాలంటే రైల్వేలోనో, సైన్యంలోనో, పోలీసులోనో ఉద్యోగం కావాలి. రాజ్యం తనకు పేరు తెచ్చే ఆటగాణ్ణి పోషించింది. భూమి అడిగిన రైతుబిడ్డను కాల్చింది. ఆ కుర్రవాని చేతిలో లాఠీ పెట్టినది ఏ వ్యవస్థో, మైదానంలో తప్ప మరెక్కడా అతని బుద్ధికి పని కల్పించనిది గూడా ఆ వ్యవస్థే. పై అధికారి ఆజ్ఞను మారుమాటాడక పాటించడమే ఉద్యోగధర్మమైన ఆ మనుషులకు, సాయంత్రం పూట ఒక బడిపంతులు "నీవే చూడు, నీవే నిర్ణయించు" అని నేర్పుతున్నాడు. ఈ వైరుధ్యంలోనే ఆ జట్టు సారం వున్నది.

4

1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు భారతజట్టుతో పోయినవాడు రహీమే. యుగోస్లావియా చేతిలో మనవాళ్ళు 1-10తో ఓడిపోయారు. చలిలో, తడిసిన నేల మీద, కొందరు వట్టికాళ్ళతోనే ఆడారు. దాని తర్వాతే బూట్లు తప్పనిసరి అని సమాఖ్య శాసించింది. తప్పంతా పాదాలదేనని చాలామంది తీర్మానించుకున్నారు. బూట్లు కావలసిందే గాని బూట్లతోనే సరిపోదని చరిత్ర చెప్పింది.

ఆ హెల్సింకిలోనే స్వర్ణపతకం గెలిచినది హంగరీ. మరుసటి ఏడు, 1953 నవంబరులో, అదే జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. ఆ ఆటలో మూడు గోళ్ళు చేసిన హిడెగ్‌కూటి పేరుకు ముందువరుస నడిమి ఆటగాడు. కాని అతడు తన చోట నిలబడలేదు, వెనక్కు జారిపోయాడు. అతనికి కాపలా వున్న ఇంగ్లీషు రక్షకునికి దిక్కుతోచలేదు. వెంబడిస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. వెంబడించకపోతే అతడు స్వేచ్ఛగా ఆట నడుపుతాడు. అమెరికాలో కదిలే క్వార్టర్‌బాక్ పెట్టే ఇరకాటం సరిగ్గా ఇదే. హంగరీ శిక్షకుడు షెబెష్ దీనికి "సోషలిస్టు ఫుట్‌బాల్" అని పేరు పెట్టాడు. ఆ పేరులో ప్రచారం పాలు వున్నమాట నిజం. కాని ప్రతివాడూ రక్షించాలి, ప్రతివాడూ దాడిచేయాలి, భారాన్ని అందరూ సమంగా మోయాలి అన్న భావం అబద్ధం కాదు.

వెనక్కు జారే ముందువరుస ఆటగాణ్ణి, ఆ తర్వాత 4-2-4 అని పేరుపొందిన అమరికను భారతజట్టుకు అలవాటు చేసినది రహీం. 1958లో ప్రపంచకప్పు గెలిచి ఆ అమరికకు ప్రసిద్ధి తెచ్చినది బ్రెజిల్. ఎవరు ముందు అన్న పందెం మనకు అనవసరం. ఒక పేద దేశపు శిక్షకుడు ప్రపంచం ఆలోచిస్తున్న దిశలోనే, అదే కాలంలో ఆలోచించాడన్నది ముఖ్యం.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదనే 4-2తో ఓడించాము. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. ఒలింపిక్స్‌లో అట్లా చేసిన మొదటి ఆసియావాసి అతడే. నాలుగేళ్ళ కిందట పది గోళ్ళు కొట్టిన ఆ యుగోస్లావియాపై సెమీఫైనల్‌లో మనమే ముందు గోలు చేశాము. చివరకు 1-4తో ఓడినా నాలుగవ స్థానం దక్కింది. ఆ జట్టులో హైదరాబాదు కుర్రవాళ్ళు చాలామంది వున్నారు. వారిలో సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఒకడు. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. ఎడమపక్కన ఆడగలడు, నడిమిన ఆడగలడు, వెనక్కువచ్చి బంతి తెచ్చుకోగలడు. 1960లో రోములో హంగరీ మీద, పెరూ మీద గోళ్ళు చేసినది ఇతడే. రహీం కోరుకున్న ఆటగానికి నిలువెత్తు నమూనా.

ఇక 1962 జకార్తా. ఆసియా క్రీడలలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాము. థాయిలాండుపై గెలిచిన ఆటలో మన రక్షణవరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జర్నైల్ దేశవిభజనలో లయల్‌పూర్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబంవాడు, గట్టి మనిషి, వెనుక గోడలా నిలబడటమే అతని పని అని దేశమంతా ఎరుగును. రహీం అతనిని సెమీఫైనల్‌లో ముందువరుస నడిమికి పంపాడు. తల గాయపడిన రక్షకుణ్ణి దాడికి పంపడమా అని ఎవరికైనా అనిపిస్తుంది. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు చేశాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది, రాజకీయకారణాల వల్ల మన మీద కోపంతో వున్నవారు. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ గోలు, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోలు. 2-1తో స్వర్ణపతకం మనది.

ఈ మార్పును అదృష్టం అనుకునేవారు వున్నారు. కాదు. ఒక రక్షకుడు రెండురోజులలో దాడివాడుగా మారలేడు. అతని చుట్టూ వున్న పదిమందికి స్థానాలు మార్చుకొని ఆడే అలవాటు వుంటేనే, ఒకరు కదిలినప్పుడు ఆ ఖాళీని మరొకరు పూడ్చగలిగితేనే అది సాధ్యం. వ్యక్తి కదలికకు సమష్టి శిక్షణ పునాది. అమెరికన్ వ్యాఖ్యాతలు "సహజమైన చురుకుదనం" అనే మాటతో దాచిపెట్టేది కూడా ఈ శిక్షణనే, ఈ పరిశ్రమనే.

5

1963 జూన్ 11న రహీం ఊపిరితిత్తుల కాన్సరుతో చనిపోయాడు. ఆయనకు యాభైమూడేళ్ళు. జకార్తాలో జట్టును నడిపిననాటికే ఆ జబ్బు ఆయనను తినివేస్తున్నది. అదే ఏడు బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్ళకే ఆట మానుకున్నాడు.

ఆ తర్వాత ఏమయింది? 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు. 1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తర్వాత ఆ క్రీడలలో పతకం లేదు. 1965లో సంతోష్ ట్రోఫీ గెలిచిన మన రాష్ట్రం క్రమంగా ఆ పటం నుంచే చెరిగిపోయింది. 2024లో రహీం జీవితం మీద హిందీలో ఒక చలనచిత్రం వచ్చింది. చాలామందికి ఆయన పేరు అప్పుడే తెలిసింది. అది మంచిదే. కాని అటువంటి చిత్రాలలో ఒక వీరుడు వుంటాడు, కొందరు విలన్లు వుంటారు, ఒక కప్పు వుంటుంది. ఒక వీరుని వల్ల వచ్చినది ఆ వీరునితోనే ఎందుకు పోయింది అన్న ప్రశ్న మాత్రం వుండదు.

జవాబు సంస్థలో వున్నది. రహీం ఆటగాని బుర్రను మార్చాడు గాని ఆటస్థలం యాజమాన్యాన్ని మార్చలేకపోయాడు. అది ఒక్కని వల్ల అయ్యేది కాదు గూడా. ఆయన పాఠాలను పాఠశాలల కార్యక్రమంగా మార్చే పని ప్రభుత్వం చేయలేదు. శిక్షకులను తయారుచేసే శిక్షణాలయం కట్టలేదు. ఆటగానికి పోలీసు ఉద్యోగం తప్ప మరొక దారి చూపలేదు. తల ఒక్కటే వున్న దేహం లాగా ఆ వుద్యమం, ఆ తల నేలకొరగగానే కూలిపోయింది. ఎవరైతే "తల ఒకరు, కాళ్ళు మరొకరు" అన్న పద్ధతిని మైదానంలో రద్దుచేశాడో, ఆయన చుట్టూ వున్న పాలనావ్యవస్థ ఆయననే ఏకైక తలగా వాడుకొని వదలివేసింది.

అమెరికా అనుభవం దీనికి రెండవవైపు చూపిస్తున్నది. అక్కడ సంస్థ బలంగా వున్నది, డబ్బు విపరీతంగా వున్నది. కదిలే క్వార్టర్‌బాక్ చివరకు గెలిచాడు. 2023 ఫిబ్రవరిలో లీగు తుదిపోరులో రెండుజట్ల క్వార్టర్‌బాక్‌లూ నల్లజాతీయులే. అట్లా జరగడం అదే మొదటిసారి. ఆ స్థానానికి ఇప్పుడు కోట్ల డాలర్లు ఇస్తున్నారు. కాని జట్లు ఇంకా యజమానులవే. ఆటగాడు ఎటు పరుగెత్తినా అభ్యంతరం లేదు, మోకాలు వంచనంతవరకు. ఒకచోట పద్ధతి వచ్చి సంస్థ రాలేదు. ఇంకొకచోట సంస్థ వుండి అది ఆటగానిది కాలేదు.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. పరుగెత్తడం తప్పు కాదు. పరుగెత్తేవాడు ఆలోచించడం లేదని అనడమే తప్పు. ఆ మాట ఆటల పేజీలో మాత్రమే వినిపించదు. బండలు కోసే గనిలో రాతి పొరను వేలితో తట్టి ఎక్కడ పగులుతుందో చెప్పే కూలీని మనం "అనుభవం వున్నవాడు" అంటాము; అదే మాట పుస్తకంలో చూసి చెప్పినవాణ్ణి "నిపుణుడు" అంటాము. ఒకరిది ఒంటి గుణం, మరొకరిది బుద్ధి గుణం. ఈ విశేషణాలను పట్టుకొని నిలదీయడం సాహిత్య విమర్శకుల పని కాదా?

ఉపాధ్యాయ మిత్రులకు ఇంకొక్క మాట. మీ బడి ఆటస్థలానికి ఒక సాయంత్రం పోయి చూడండి. గోలు దగ్గర ఎవరిని నిలబెడుతున్నారో, బంతి వెదకడానికి కంపచెట్లలోకి ఎవరిని పంపుతున్నారో, నాయకుడుగా ఎవరు తమంతట తాము నిలబడుతున్నారో, ఆడపిల్లలు ఎక్కడ వున్నారో గమనించండి. ఊరిలో ఎవరి ఇల్లు ఎక్కడుందో ఆ మైదానం మీకు చెబుతుంది. ఆ తర్వాత రహీం చేసినట్టే ఒక చిన్న నిబంధన పెట్టండి: పావుగంటకొకసారి అందరూ స్థానాలు మారాలి. మొదటిరోజు గందరగోళంగా వుంటుంది. గోలు దగ్గర నిలబడే ఆ పిల్లవాడు నడిమికి వచ్చి ఏం చేస్తాడో వేచి చూడండి.

ఎర్రగుంట్ల విద్యార్థికి నేను ఇదే చెప్పాను. అతడు కొంతసేపు ఆలోచించి, "అయితే సార్, మా బళ్ళో ఎప్పుడూ నన్ను గోలు దగ్గరే నిలబెట్టేవాళ్ళు" అన్నాడు.